పద్నాలుగో మేకు

విశ్వవిద్యాలయం వెనక గేటు దాటి నాలుగడుగులు వేస్తే కుడిచేతి వైపు ఒక వీధి మొదలవుతుంది. ఆ వీధిలో పన్నెండో నంబరు ఇంటి మేడమెట్ల కింద బారెడు వెడల్పున ఒక కొట్టు ఉండేది. ఒక స్టూలు, ఒక బల్ల, తాళంచెవిని కదలకుండా పట్టడానికి బల్లకి బిగించిన వైసు, నాలుగు రకాల ఆకురాళ్ళు, నూనె డబ్బా, వీటన్నిటి మధ్యా ఒక మనిషి. నిలబడితే తల మెట్లకి కొట్టుకుంటుంది కాబట్టి ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన అందులో కూర్చునే బతికాడు. తాళాలు బాగుచెయ్యడం, తాళంచెవులు చెయ్యడం ఆయన పని. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన తాళాల బాబాయి. ఆయన భార్య కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. సొంత పిల్లలు లేరు గానీ, ఆ వీధి నిండా వాళ్ళకి కొడుకులూ కూతుళ్ళే.

బాబాయి వీపు వెనక గోడకి ఒక పెద్ద చెక్క. చెక్కకి ముప్పై ఆరు మేకులు. వీధిలో ఇళ్ళూ ముప్పై ఆరే. ఎవరింట్లో కొత్త తాళం బిగించినా రెండు తాళంచెవులు ఇంట్లో ఉండేవి, మూడోది బాబాయి చేసి తన చెక్కకి తగిలించుకునేవాడు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు, లోపల మరిచిపోయి తలుపు లాగేసుకున్నవాళ్ళు, బడి నుంచి పెందలాడే వచ్చేసిన పిల్లలు తిన్నగా కొట్టు ముందుకొచ్చి చెయ్యి చాపేవాళ్ళు. మేకుల మీద నంబర్లు ఉండవు. లెక్క కింద కుడి మూల నుంచి మొదలవుతుంది. ఎవడైనా దొంగవెధవ వస్తే పై ఎడమ మూల నుంచి లెక్కపెట్టుకుని, తప్పు ఇంటికి పోయి నానా తంటాలూ పడాలని బాబాయి ఎత్తు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క దొంగ కూడా ఆ ఎత్తుకి చిక్కడానికి రాలేదు.

"వీధిలో అందరి తలుపులూ నీ గోడకే వేలాడతాయి. మన గది గొళ్ళెం మాత్రం ఇరవై ఏళ్ళుగా పడి చావదు," అనేది పిన్ని. నిజమే, పడదు. రేపు చూస్తానంటాడు ఆయన.

ఈ పనికి బాబాయి పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. తాళంచెవి ఇచ్చినవాళ్ళ చేతికే ఇవ్వాలి. వాళ్ళని అడక్కుండా దేవుడు దిగొచ్చినా ఇవ్వకూడదు. ఇంత నిక్కచ్చి మనిషీ ఒక్కసారి ఆ మాట తప్పాడు. ఈ కథంతా ఆ ఒక్కసారి గురించే.

వీధి ఎలా మారిందో బాబాయిని అడిగితే తాళాల్లోనే చెప్తాడు. ఆయన వచ్చిన కొత్తల్లో ఆ ఇళ్ళ నిండా విశ్వవిద్యాలయంలో చిన్నాచితకా పనులు చేసేవాళ్ళే ఉండేవారు. తోటమాలి, ప్రయోగశాలలో గాజు సామాను కడిగేవాడు, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టేవాడు, అచ్చాపీసులో అక్షరాలు పేర్చే ఆయన, హాస్టల్లో వంట చేసే ఆవిడ. ఇంటికి ఏడెనిమిది మంది, తాళం మాత్రం ఒక్కటి, అదీ వీధి తలుపుకే. ఎప్పుడు చూసినా ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవారు కాబట్టి ఆ ఒక్క తాళమూ వాడకం లేక తుప్పుపట్టేది. అప్పట్లో బాబాయికి తాళంచెవులు చెయ్యడం కన్నా తాళాలకి నూనె వెయ్యడమే పెద్ద పని.

తర్వాత ఒక్కొక్కరే మేడ మీద గది వేసి చదువుకునే పిల్లలకి అద్దెకిచ్చారు. అది చూసి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఇళ్ళకి ఇళ్ళే కొన్నారు. కొన్నవాళ్ళు అక్కడ కాపురం పెట్టలేదు. హాలుకి అడ్డంగా చెక్కలు కొట్టి ఒక గదిని మూడు చేశారు. ఒక్క వీధి తలుపుకి పన్నెండు తాళంచెవులు కావాలని వస్తే బాబాయి చేతినిండా పనని మురిసిపోయాడు. ఆ తర్వాత లోపలి తలుపులకి తాళాలు, ఆపైన బీరువాలకి. ఒకరోజు చదువుకునే అబ్బాయి ఒకడు వచ్చి, పాలగిన్నె పెట్టుకునే పెట్టెకి చిన్న తాళం కావాలన్నాడు.

"పాలకి తాళమేమిటి నాయనా?"

"గదిలో నలుగురం ఉంటాం బాబాయ్. నలుగురికీ ఒకేసారి ఆకలేస్తుంది."

ఆ మాట ఇంటికొచ్చి పిన్నికి చెప్పి బాబాయి తెగ నవ్వాడు. తర్వాత కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయాడు.

మరి పదేళ్ళకి ఆరంతస్తుల భవనాలు లేచాయి. వాటిలో దిగిన పిల్లలకి గదికి ఒక్కరే. పెద్ద పెద్ద కార్లలో తండ్రులొచ్చి దింపి, పరుపు మెత్తగా ఉందో లేదో నొక్కి చూసుకుని వెళ్ళేవాళ్ళు. ఆ గదికి కట్టే ఒక నెల అద్దెతో తోటమాలి కుటుంబం నాలుగు నెలలు తినొచ్చు. ఆ తలుపులకి తాళంచెవులే లేవు. కార్డు చూపిస్తే కీచుమని తెరుచుకుంటాయి. కూరగాయల కొట్టు పోయి కాఫీ కొట్టు వచ్చింది. పిన్ని ఒకసారి గుమ్మంలో నిలబడి గోడ మీది ధరలు చదువుకుని, పైట సర్దుకుని వెనక్కి వచ్చేసింది. తోటమాలి ఇప్పుడు అదే తోటకి నీళ్ళు పెట్టడానికి గంటన్నర బస్సులో వస్తున్నాడు. హాస్టల్లో వండేవాళ్ళూ, గిన్నెలు తోమేవాళ్ళూ, గదులు ఊడ్చేవాళ్ళూ అందరూ ఆ బస్సులోనే వేలాడుతూ వస్తారు. దాని చివరి స్టాపు దగ్గర అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళ కాలనీ ఒకటి ఉంది. పాత వీధి సగానికి సగం అక్కడే తేలింది.

అలా ఉండగా ఒక ఏడాది, అచ్చాపీసులో అక్షరాలు పేర్చిన పెద్దాయన కూడా పన్నెండో నంబరు ఇల్లు అమ్మేశాడు. మెట్ల కింద కొట్టూ, పెరట్లో బాబాయి దంపతులుండే గదీ ఆ ఇంటివే. పెద్దాయన తనే వచ్చి స్టూలు మీద కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. బాబాయే ఆయనకి మంచినీళ్ళిచ్చి ఓదార్చాల్సి వచ్చింది.

పిన్ని మరునాడే చెప్పులేసుకుని ఇళ్ళ వేటకి బయల్దేరింది. దగ్గర్లో ఏదీ వాళ్ళ శక్తికి అందేది కాదు. నాలుగో రోజు సాయంత్రం వెలుగుతున్న మొహంతో తిరిగొచ్చింది.

"చివరి స్టాపు దగ్గర గది దొరికింది. కిటికీ ఉంది. రెండు పూటలా నీళ్ళొస్తాయట. మెట్ల పక్కన నీ బల్ల పట్టేంత చోటు కూడా ఉంది."

"దూరం."

"దేనికి దూరం? కొట్టే లేనప్పుడు నువ్వు రోజూ వెళ్ళాల్సిన రాచకార్యం ఏముంది?"

"బస్సు నాకు పడదు."

పిన్ని చీర కుచ్చిళ్ళు దులుపుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. "బస్సు పడదా, అక్కడ ఒకరి మొహం చూడ్డానికి మొహం చెల్లదా?"

బాబాయి ఆకురాయి తీసుకుని ఏ తాళంచెవీ లేని వైసు మీద రుద్దుతూ కూర్చున్నాడు. ఆయన ఒప్పుకోకపోతే నెలాఖరుకి వాళ్ళిద్దరికీ తలదాచుకునే చోటు లేదు. ఒప్పుకుంటే, ఆ కాలనీలో ఏదో ఒక మలుపులో వంటక్క ఎదురుపడక తప్పదు.

వంటక్క అంటే హాస్టల్లో వంట చేసే ఆవిడ. పద్నాలుగో నంబరు ఇంట్లో పంతొమ్మిదేళ్ళు అద్దెకుంది. భర్త పోయాక ఒక్కతే కూతుర్ని పెంచుకుంటూ, రోజుకి మూడు వందల మందికి వండి, మళ్ళీ ఇంటికొచ్చి ఇద్దరికి వండుకునేది. హాస్టల్లో అడుగంటిన వాసన తలలోంచి పోదని నవ్వేది. ఇప్పటికి పదకొండేళ్ళ కిందట, హాస్టల్ సెలవుల్లో, చెల్లెలి పురుడికని కూతుర్ని తీసుకుని వేరే ఊరు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఫోను నంబరు రాసిన చీటీ ఒకటి బాబాయికిచ్చింది. ఆయన దాన్ని చెక్క వెనక దోపాడు.

వారం తిరక్కుండా, ఆ ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన మేనల్లుడు ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. లోపల నీళ్ళ గొట్టం పగిలి గోడ తడుస్తోందట, తాళంచెవి కావాలట. ఉత్తరం కింద ఇంటాయన సంతకం ఉంది. బాబాయి రెండుసార్లు చదివాడు. చీటీ చెక్క వెనకే ఉంది. రెండడుగులు వేసి ఫోను చేస్తే సరిపోయేది. కానీ మేనల్లుణ్ణి ఎదురుగా నిలబెట్టి ఫోను చేస్తే ఇల్లుగలాయన్ని అనుమానించినట్టుంటుందేమోనని మొహమాటపడ్డాడు. ఆయన ఇల్లు, ఆయన గొట్టం, అడిగేదేముందనుకున్నాడు. పద్నాలుగో మేకు మీది తాళంచెవి తీసి ఇచ్చేశాడు.

రెండు రోజులాగి మేనల్లుడు మళ్ళీ వచ్చి, పాత తాళం పట్టేస్తోంది, కొత్తది బిగించమన్నాడు. బాబాయి వెళ్ళి బిగించాడు. వసారాలో సున్నం డబ్బాలు చూసి, పోనీలే, ఇల్లు బాగుచేయిస్తున్నారు, వంటక్క సంతోషిస్తుందనుకున్నాడు. పద్ధతి ప్రకారం మూడో తాళంచెవి తెచ్చి మేకుకి తగిలించాడు కూడా. విప్పిన పాత తాళాన్ని సంచిలో వేసుకున్నాడు. మరో నాలుగు రోజులకి పొద్దున్నే మేనల్లుడు వచ్చి ఆ మూడోదీ తీసుకున్నాడు. "ఇకమీదట దీనికి నీ దగ్గర తాళంచెవి అక్కర్లేదు బాబాయ్. గదులు చేసి స్టూడెంట్లకిస్తున్నాం. ఆవిడ సామాను వెనక వసారాలో పెట్టించాంలే."

ఆ మధ్యాహ్నమే వంటక్క బస్సు దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేత్తో కూతురి చెయ్యి. ఇంటికి వెళ్ళి, తలుపు తెరుచుకోక, తిన్నగా కొట్టుకొచ్చింది.

"బాబాయ్, తాళం పట్టేసింది. కాస్త నూనె వెయ్యవూ."

అప్పుడైనా నోరు తెరవాలి. బాబాయి నూనె డబ్బా తీసుకుని ఆమె వెనకే నడిచాడు. తను స్వయంగా బిగించిన కొత్త తాళంలో, ఆమె తాళంచెవి ఏడేడు జన్మలకీ తిరగని తాళంలో, ఆమె చూస్తుండగా మూడు చుక్కల నూనె వేశాడు. ఆమె తాళంచెవి పెట్టి తిప్పింది. తిరగలేదు. ఇంకోసారి తిప్పింది. ఆయన వైపు చూసింది. కూతుర్ని తీసుకుని ఇంటి వెనక్కి వెళ్ళింది. సాయంత్రం ఒక సామాన్ల బండి వచ్చి వెళ్ళింది.

ఆ తర్వాత పదకొండేళ్ళూ బాబాయి హాస్టల్ గేటు వైపు వెళ్ళలేదు. పోస్టాఫీసుకి వెళ్ళాలన్నా రెండు వీధులు చుట్టుతిరిగి వెళ్ళేవాడు. ఆమె కూడా ఆ వీధి తొక్కలేదు. పద్నాలుగో మేకు ఖాళీగా ఉండిపోయింది. ఆ తర్వాత ఎంతమంది ఎన్ని తాళంచెవులు తెచ్చినా దానికి మాత్రం ఏదీ తగిలించలేదు.

సరే, కొట్టు మూసేయాలి. చెక్క మీద ఇంకా ఇరవై మూడు తాళంచెవులున్నాయి. పన్నెండు మేకులవి ఎవరివి వాళ్ళు అడిగి తీసుకెళ్ళారు. ఈ ఇరవై మూడింటి తలుపులూ ఇప్పుడు లేవు, చాలావాటికి ఇళ్ళే లేవు. అయినా సరే, ఎవరివి వాళ్ళ చేతికి ఇచ్చి కానీ చెక్క దించనన్నాడు బాబాయి. తెలిసిన ఫోన్లన్నీ చేశాడు. కొందరు నవ్వారు. ఇనప సామాను వాడికి వేసెయ్ బాబాయ్ అన్నారు. కానీ అన్నవాళ్ళే మళ్ళీ పని దిగాక దారి మళ్ళించుకుని వచ్చారు. తోటమాలి తన తాళంచెవి తీసుకుని, ఒకసారి చూసొస్తానని వెళ్ళి కాఫీ కొట్టు ముందు నిలబడ్డాడు. లోపలున్నవాళ్ళు ఏం కావాలని అడిగితే, ఏం లేదండీ, ఇక్కడ మా వంటగది ఉండేది అని చెప్పి వచ్చేశాడట.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాన పడుతుంటే ప్రశ్నలమ్మాయి కొట్టు ముందు చేరింది. ఎదురు భవనం నాలుగో అంతస్తులో ఉండి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న పిల్ల. ఈ చుట్టుపక్కల ముప్పై నలభై ఏళ్ళల్లో ఎవరుండేవారు, ఎంత సంపాదించేవారు, ఎక్కడికి పోయారు అన్నది ఆమె చదువు. చేతిలో ఎప్పుడూ ప్రశ్నల కాగితాలే, అందుకే బాబాయి ఆ పేరు పెట్టాడు. ఆ రోజు కార్డు తడిసి ఆమె తలుపు తెరుచుకోలేదు.

"అంకుల్, ఈ తలుపు మీరు తెరవలేరా?"

"దానికి బొక్కే లేదమ్మా, నేనెక్కడ దూరను? లోపలికి రా, తడుస్తావు."

పిన్ని తువ్వాలిచ్చి తల తుడుచుకోమంది. అంకుల్ ఏమిటి, బాబాయ్ అను, అంది. ఆ పిల్ల ఊరికే కూర్చోకుండా కాగితాలు తీసింది. బాబాయి చెక్క వైపు తిరిగి మేకు తర్వాత మేకు చెప్పుకుంటూ పోయాడు. ఒకటో ఇల్లు, తొమ్మిది మంది, ఒక్క జీతం. రెండో ఇల్లు, మొదట ఆరుగురు, తర్వాత పద్నాలుగు మంది పిల్లలు, ఇప్పుడు ఇల్లే లేదు. పిల్ల గబగబా రాసుకుంటోంది.

"నెల రాబడి ఎంత ఉండేది బాబాయ్, సుమారుగా?"

"రాబడి సంగతి తాళంచెవి చెప్పదమ్మా. ఏడో ఇంట్లో మాత్రం నూనె వెయ్యమని అడగడానికి కూడా మొహమాటపడేవాళ్ళు. అదేదో రాసుకో."

పద్నాలుగో మేకు దగ్గరికొచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. అది వదిలెయ్యమన్నాడు. పిల్ల తలెత్తి చూసింది. చివరి స్టాపు కాలనీలో కూడా తను ఇలాగే ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నానని, ఈ వీధివాళ్ళు చాలామంది కలిశారని చెప్పింది.

బాబాయి గొంతు తగ్గించి అడిగాడు. "అయితే హాస్టల్లో వంట చేసే ఆవిడ... ఏ బ్లాకులో ఉంటుందో తెలుసా నీకు?"

"నేను చెప్పకూడదు బాబాయ్. ఎవరు ఎక్కడుంటారో వాళ్ళని అడక్కుండా ఎవరికీ చెప్పనని అందరికీ మాటిచ్చాకే రాసుకున్నాను. మీ గురించైనా అంతే." పిల్ల కాస్త ఇబ్బందిగా నవ్వింది. "కావాలంటే ఆవిడ ఉంటారేమో కనుక్కుని, ఉంటే అడిగి చెప్తాను."

బాబాయికి తల తీసేసినట్టయింది. ఇరవై నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల. ఎదురుగా ఉన్నది తువ్వాలిచ్చిన ముసలాళ్ళు. మొహమాటానికి చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. అడిగి చెప్తానంది. పదకొండేళ్ళ కిందట ఆ రెండు మాటలూ తన నోట రాలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, పిన్నికి తప్ప ఎవరికీ చెప్పని ఆ సంగతంతా, నూనె చుక్కలతో సహా, ఆ పిల్లకి చెప్పేశాడు. పిల్ల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని విన్నది. ఒక్క ముక్కా రాసుకోలేదు.

వానా వెలిసింది, ఎవరో వచ్చి తలుపూ తెరిచారు, ఆమె వెళ్ళిపోయింది. వారం రోజులు బాబాయి వీధి మొగ వైపే చూస్తూ గడిపాడు. పిన్ని రెండుసార్లు ఆ గది సంగతి ఎత్తింది, రెండుసార్లూ స్టూలు తిప్పుకుని వీధి వైపు మొహం పెట్టాడు. శుక్రవారం సాయంత్రం ప్రశ్నలమ్మాయి కొట్టు ముందు నిలబడింది.

"ఆదివారం సెలవట. రమ్మన్నారు. చిరునామా కూడా ఇమ్మన్నారు." కాగితం ముక్క అందించింది.

"ఇంకేమైనా అందా?"

"పనిముట్లు తెచ్చుకోమన్నారు. తలుపు సరిగా పడట్లేదట."

అది పిలుపో ఎత్తిపొడుపో బాబాయికి అర్థం కాలేదు. పిన్నికి అర్థమైనట్టే ఉంది గానీ ఆవిడ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే ఆయన చొక్కాకి గుండీలు తనే పెట్టి, సంచి భుజాన వేసి బస్సెక్కించింది. నేనూ వస్తానని అనలేదు. సంచిలో ఆకురాళ్ళు, స్క్రూలు, నూనె డబ్బా ఉన్నాయి. వాటి అడుగున గుడ్డలో చుట్టిన పాత తాళం ఉంది. ఏడాదికోసారి దాన్ని విప్పి, తుడిచి, నూనె రాసి మళ్ళీ చుట్టిపెట్టేవాడాయన. ఎందుకంటే మాత్రం చెప్పలేడు.

మూడో అంతస్తు, చివరి తలుపు. బాబాయి ఆయాసపడుతూ మెట్లెక్కేసరికి వంటక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. జుట్టు నెరిసింది, మనిషి కొంచెం ఒళ్ళు చేసింది. చేతుల మీద కాలిన మచ్చలు అవే.

"రా బాబాయ్. ముందు మంచినీళ్ళు తాగు."

ఒక్కటే గది, మూలన పొయ్యి, గోడకి ఉద్యోగం చేస్తున్న కూతురి ఫోటో. కుర్చీ ఆయనకి వేసి ఆమె కింద కూర్చుంది. బాబాయి నీళ్ళు తాగాడు. బస్సులో గంటన్నర కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"నిన్ను అడగాల్సింది అమ్మాయ్. నీ చీటీ నా దగ్గరే ఉంది. అడగలేదు."

"ఊఁ."

"తర్వాతైనా చెప్పాల్సింది. చెప్పలేక నూనె వేశాను."

"నువ్వు నూనె వేస్తుంటే నీ చెయ్యి వణికింది. నీ చెయ్యి వణకడం నేనెప్పుడూ చూళ్ళేదు. అప్పుడే తెలిసిపోయింది నాకు." ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "కోపం రాలేదని అబద్ధం చెప్పను బాబాయ్. బండెక్కి వస్తూ దారంతా నిన్ను తిట్టాను. తాళంచెవి ఇచ్చావని తిట్టాను. తర్వాత వస్తావని చూశాను. నెల చూశాను, ఏడాది చూశాను. రాలేదని ఇంకా తిట్టాను. ఆ ఇల్లెలాగూ పోయేదే. వీధిలో ఎవరిది మిగిలింది కనక? కానీ పిల్ల అడిగేది, బాబాయి మనింటికి ఎందుకు రాడమ్మా అని. ఏం చెప్పను?"

బాబాయికి ఏడుపొచ్చింది. ముసలితనంలో ఏడిస్తే ఆగదు, ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. వంటక్క కాసేపు ఏడవనిచ్చి, తర్వాత లేచింది.

"చాల్లే. వచ్చిన పని చూడు. ఆ తలుపు గట్టిగా తోస్తే తెరుచుకుంటోంది. కట్టినవాడు బిగించిన తాళం, రేకుముక్క."

బాబాయి తాళం చూశాడు. నిజంగానే రేకుముక్క. పిల్లాడు తన్నినా ఊడొచ్చేలా ఉంది. సంచిలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న గుడ్డ మూట తీసి, విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆరు లివర్ల పాత తాళం, నూనెతో నిగనిగలాడుతోంది. ఆమె దాన్ని చూసి, పొయ్యి పైన అరలో డబ్బా తీసి, పప్పులో చెయ్యి పెట్టి వెతికి, రెండు తాళంచెవులున్న దారం బయటికి లాగింది.

"పారెయ్యలేదా?" అన్నాడు బాబాయి.

"నువ్వు పారేశావా?"

తాళంచెవి పెట్టి తిప్పింది. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమే ముందు నవ్వింది.

రేకుముక్క ఊడదీసి, తలుపు చెక్క కాస్త తొలిచి, పాత తాళం బిగించేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుని ఊసులు చెప్పింది. పోయిన నెల తాళంచెవి హాస్టల్లోనే మరిచిపోయి వచ్చి, ఇక్కడ ఎవరి దగ్గరా రెండోది లేక, ఇదే మెట్టు మీద కూతురు ఉద్యోగం నుంచి వచ్చేదాకా కూర్చుందట. "అరవై కాపురాలు బాబాయ్ ఈ మెట్ల మీద. తోటమాలి కింద ఉన్నాడు, గాజు సామాను ఆయన పక్క బ్లాకు. అయినా ఎవరి తాళంచెవీ ఎవరి దగ్గరా లేదు. ఎవరికి వాళ్ళు తెల్లారకుండా బస్సుకి పరిగెత్తడమే."

బాబాయి ఆఖరి స్క్రూ బిగించి, ఆమె తాళంచెవితోనే రెండుసార్లు వేసి తీసి చూపించాడు. రెండు తాళంచెవులూ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది.

"ఇంట్లో ఉండేవి రెండు. మూడోది ఏది?"

బాబాయి ఆమె మొహంలోకి చూశాడు.

"అలా చూస్తావేం? చెయ్యి. పద్ధతి పద్ధతే కదా."

ఆయన సంచిలోంచి ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవి ఒకటి తీసి, వైసు లేదు కాబట్టి మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుని, అక్కడే మెట్టు మీద ఆకురాయి పట్టాడు. కింది అంతస్తు పిల్లలు మెట్ల మీద బారులు తీరి చూశారు. ఇనప రజను చొక్కా మీద పడుతోంది. ఈసారి చెయ్యి వణకలేదు. తాళంలో పెట్టి తిప్పితే మొదటిసారికే తిరిగింది. దాన్ని ఆమెకివ్వబోతే ఆమె ఆయన వేళ్ళు మూసేసింది.

"నీ దగ్గరే ఉంచు. ఎవరొచ్చినా ఇవ్వకు."

"నిన్ను అడక్కుండానా?"

"నన్ను అడక్కుండానే. ఈ ఇంటికి ఓనర్ని నేను బాబాయ్. నా సంతకంతో ఉత్తరం తెచ్చినా ఇవ్వకు, ముందు నాకు ఫోను చెయ్యి." కొంచెం ఆగి, సామాన్యమైన సంగతి చెప్తున్నట్టు అంది, "మరి నా తాళంచెవి నీ దగ్గరుండాలంటే నువ్వు దగ్గర్లో ఉండాలి కదా. తాళంచెవి మరిచిపోయినప్పుడల్లా నేను గంటన్నర బస్సులో రావాలా? కింద మెట్ల పక్క గది పిన్ని చూసి వెళ్ళిందట, తోటమాలి చెప్పాడు. ఎందుకు ఆగారు?"

బాబాయి పదిలంగా తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. బస్సులో వస్తున్నంతసేపూ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. పక్క సీటాయన గుండెనొప్పా అండీ అని కంగారుపడితే, కాదండీ, తాళంచెవి అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. చెక్క మీద ఇప్పుడు ఒక్క తాళంచెవీ లేదు, ఇరవై మూడూ ఎవరివి వాళ్ళకి చేరాయి.

"ఏమంది?"

బాబాయి తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. పిన్ని ఆ కొత్త గీతలు వేలితో తడిమి చూసింది. లేచి, మెట్లకి తల తగలకుండా వంగి, కింద కుడి మూల నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి పద్నాలుగో మేకుకి తగిలించింది. చెక్క రెండో పక్క పట్టుకోమని ఆయనకి చెప్పింది. ఇద్దరూ కలిసి దాన్ని, తాళంచెవి జారిపోకుండా, గోడ మీంచి దించారు.